స్టేట్ ఆర్ అండ్ డీ ట్యాక్స్ క్రెడిట్: అమెరికాలో చిన్న కంపెనీ నడిపేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

న్యూజెర్సీలో నేను లెక్కలు చూసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని రిటర్న్ మీద సంతకం పెట్టబోతూ అడిగారు: "ఫెడరల్ ఆర్ అండ్ డీ క్రెడిట్ తీసుకున్నాం కదండీ, స్టేట్‌ది కూడా అందులోనే వచ్చేస్తుందా?" రాదు. దాని ఫారం వేరు, లెక్క వేరు, కొన్ని రాష్ట్రాల్లో గడువు కూడా వేరు. ఆయనకి అడగాలని తోచింది కాబట్టి సరిపోయింది. అడగకుండా ఏళ్ల తరబడి వదిలేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఈ మార్గదర్శి అమెరికాలో కంపెనీ నడుపుతున్న మనవాళ్ల కోసం. మీది ఐటీ ప్రొడక్టు కావచ్చు, ఫార్మా ల్యాబ్ కావచ్చు, మెషీన్ షాపు కావచ్చు, పచ్చళ్లూ ఇడ్లీ పిండీ తయారుచేసే యూనిట్ కూడా కావచ్చు. ఆర్ అండ్ డీ అంటే పరిశోధన, అభివృద్ధి. క్రెడిట్ అంటే ఆదాయంలోంచి తీసేసే ఖర్చు కాదు, కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గే డబ్బు. పదివేల డాలర్ల క్రెడిట్ ఉంటే పన్ను పదివేలు తగ్గుతుంది. అందుకే అడిగినంత తేలిగ్గా ఇవ్వరు.

ఫెడరల్ క్రెడిట్ 1981లో తాత్కాలికంగా మొదలై, గడువు ముగిసినప్పుడల్లా పొడిగించుకుంటూ వచ్చి, 2015 చివర్లో శాశ్వతమైంది. రాష్ట్రాల్లో మిన్నెసోటా అందరికన్నా ముందు, 1980ల మొదట్లోనే తన సొంత క్రెడిట్ పెట్టుకుంది. ఇప్పుడు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. వీటిలో చాలావరకు పరిశోధన అంటే ఏమిటన్న నిర్వచనాన్ని ఫెడరల్ చట్టం సెక్షన్ 41 నుంచే తెచ్చుకుని, దానికి ఒక షరతు తగిలించాయి: ఆ పని మా రాష్ట్రంలో జరిగి ఉండాలి. మనవాళ్ల కంపెనీలు ఎక్కువగా తడబడేది ఈ షరతు దగ్గరే. ఏం చేశారన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ కూర్చుని చేశారన్నదీ అంతే ముఖ్యం.

1. మీ రాష్ట్రం ఏ తరహాదో ముందు తేల్చుకోండి

కొన్ని రాష్ట్రాల్లో క్రెడిట్ హక్కులాంటిది. ఖర్చు పెట్టారు, లెక్క సరిగ్గా ఉంది, రిటర్న్‌తో పాటు ఫారం జతచేశారు, అంతే. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్, జార్జియా, టెక్సస్, ఒహాయో, ఇల్లినాయ్ ఈ తరహావి.

ఇంకొన్ని రాష్ట్రాలు ఏడాదికి ఇంత అని ఒక మొత్తం పక్కన పెడతాయి. ముందుగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు అందులోంచి పంచుతాయి. ఇక్కడ గడువు దాటితే ఆ ఏడాది క్రెడిట్ పోయినట్టే, రిటర్న్‌కి ఎక్స్‌టెన్షన్ తీసుకున్నా లాభం లేదు. పెన్సిల్వేనియాలో ఏడాదికి మొత్తం 6 కోట్ల డాలర్లు, అందులో 1.2 కోట్లు చిన్న కంపెనీలకు. నిరుటి ఖర్చుల మీద ఈ ఏడాది డిసెంబర్ 1 లోపు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చెయ్యాలి, మీ వాటా ఎంతో మరుసటి మే నెలకి చెబుతారు. అడిగినవాళ్ల మొత్తం ఎక్కువైతే అందరికీ తలా కొంచెం కోత పడుతుంది. మేరీల్యాండ్‌కి నవంబర్ 15, వర్జీనియాకి సెప్టెంబర్ 1. ఫ్లోరిడా అయితే మరీ ఇరుకు: మార్చి 20 నుంచి 26 వరకు వారం రోజులే కిటికీ తెరుస్తుంది, పంచేది మొత్తం 90 లక్షల డాలర్లు, అదీ కొన్ని ఎంపిక చేసిన రంగాల్లోని సీ కార్పొరేషన్లకు (తమ లాభం మీద పన్ను తామే కట్టే కంపెనీలకు) మాత్రమే.

మిషిగన్‌ది కొత్తది, 2025 జనవరి 1 నుంచి మొదలైంది. 250 మంది కన్నా తక్కువ ఉద్యోగులుంటే బేస్ (మామూలుగా పెట్టే ఖర్చు, ఆరో భాగంలో వివరంగా) వరకు ఉన్న ఖర్చు మీద 3 శాతం, బేస్ దాటిన ఖర్చు మీద 15 శాతం, కంపెనీకి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు. పన్ను లేకపోయినా రీఫండ్‌గా ఇస్తారు. కాకపోతే ముందుగా ఒక తాత్కాలిక క్లెయిమ్ పంపాలి. 2025 ఖర్చులకు అది 2026 ఏప్రిల్ 1, ఆ తర్వాతి ఏళ్లకు మార్చి 15. నోవై, ట్రాయ్ చుట్టుపక్కల ఆటోమొబైల్ కంపెనీలకు ఇంజినీరింగ్ పని చేసే చిన్న సంస్థలు దీన్ని ఇప్పుడే పట్టించుకోవాలి.

అసలు లేని రాష్ట్రాలూ ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో బిజినెస్ ట్యాక్స్ మీద ఇచ్చే ఆర్ అండ్ డీ క్రెడిట్ 2015 ఆరంభంతో ముగిసిపోయింది. నార్త్ కరోలినా కూడా 2016 నుంచి ఎత్తేసింది. షార్లెట్‌లో ఉన్న మిత్రులు ఫెడరల్‌తో సరిపెట్టుకోవాల్సిందే.

పైన చెప్పిన తేదీలను శాసనసభలు తరచూ జరుపుతుంటాయి. ఏటా జనవరిలో ఒకసారి రాష్ట్ర రెవెన్యూ శాఖ సైటు చూసి, ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందుకి అలారం పెట్టుకోండి.

2. మీరు చేసింది చట్టం లెక్కలో పరిశోధనేనా?

పరిశోధన అనగానే తెల్లకోటు, గాజుకుప్పెలు గుర్తొస్తాయి. చట్టానికి అవేమీ అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఒక ప్రొడక్టు, ప్రాసెస్ లేదా సాఫ్ట్‌వేర్ పనితీరునో నాణ్యతనో మెరుగుపరచడానికి చేశారా? ఆ పని ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, రసాయన, భౌతిక, జీవ శాస్త్రాల మీద ఆధారపడిందా? మొదలుపెట్టినప్పుడు ఎలా చెయ్యాలో, అసలు అవుతుందో కాదో తెలియని సాంకేతిక సందేహం ఉందా? ఆ సందేహం తీరడానికి ఒకటికి రెండు దారులు ప్రయత్నించి, పరీక్షించి చూశారా? నాలుగింటికీ అవును అనగలగాలి. మూడు చాలవు.

గోంగూర పచ్చడి తీసుకోండి. ప్రిజర్వేటివ్ వెయ్యకుండా సీసా నిలవ కాలం ఆరు నెలల నుంచి ఏడాదికి పెంచాలనుకున్నారు. తేమ ఎంతకి తగ్గించాలో, ఆమ్లత ఎంత ఉండాలో, నూనె ఏ వేడి మీద పొయ్యాలో తెలియదు. పన్నెండు బ్యాచ్‌లు వేరు వేరుగా చేసి, ల్యాబ్‌కి పంపి, ఫలితాలు రాసుకున్నారు. ఇది పరిశోధనే. అదే పచ్చడికి లేబుల్ రంగు మార్చడం, సంక్రాంతికి ప్రత్యేక ప్యాకింగ్ చెయ్యడం, నలుగురు కస్టమర్లకు రుచి చూపించి ఏది నచ్చిందని అడగడం, ఇవి కావు. అలంకరణ, అభిరుచి, సీజన్ కోసం చేసే మార్పుల్ని, మార్కెట్ సర్వేల్ని చట్టం పేరుపెట్టి మరీ బయటికి నెట్టింది.

సాఫ్ట్‌వేర్‌లో గీత ఇంకాస్త సన్నం. కంపెనీ వ్యవహారాలన్నీ నడిపే ఈఆర్‌పీ ప్యాకేజీని కొనుక్కుని, దాన్ని క్లయింట్ కోసం కాన్ఫిగర్ చెయ్యడం పరిశోధన కాదు. పది రెట్లు లోడ్ పెరిగినా కుప్పకూలని డేటా పైప్‌లైన్ ఎలా కట్టాలో తెలియక మూడు ఆర్కిటెక్చర్లు కట్టి చూస్తే అది అవుతుంది. మీ కంపెనీ లోపలి అకౌంట్లు, హెచ్ఆర్ కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్‌కి ఇంకో మూడు అదనపు పరీక్షలున్నాయి: అది నిజంగా కొత్తదై ఉండాలి, డబ్బు మునిగిపోయే రిస్కు ఉండాలి, బజారులో అలాంటిది దొరక్కూడదు. వీటిలో నెగ్గేవి అరుదు. బయటివాళ్లు లాగిన్ అయి వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి ఈ అదనపు బెడద లేదు.

ప్రయత్నం ఫలించాలన్న నియమం మాత్రం లేదు. మూలన పడేసిన ప్రాజెక్టుని సిగ్గుపడి జాబితాలోంచి తీసేయకండి. నిజానికి విఫలమైన ప్రాజెక్టులోనే సందేహం ఉందని రుజువు చెయ్యడం సులువు.

3. కాంట్రాక్టు కాగితాలు బయటికి తీయండి

మన ఐటీ కన్సల్టింగ్ మిత్రులకు ఈ భాగం నచ్చదు. గంటకి ఇన్ని డాలర్లని బిల్లు చేసే కంపెనీలో ఎంత కొత్త పని జరిగినా ఆ క్రెడిట్ మీకు రాదు. పని ఫలించినా ఫలించకపోయినా మీ గంటలకి డబ్బు వచ్చేస్తుంది కాబట్టి రిస్కు క్లయింట్‌ది. దాన్ని చట్టం వేరేవాళ్లు డబ్బు పెట్టిన పరిశోధన అంటుంది. ఎండ్ క్లయింట్, మధ్యలో ఇద్దరు వెండర్లు, చివర మీరు అన్న వరసలో ఉన్నవాళ్లకి ఇక్కడ దొరికేది దాదాపు ఏమీ ఉండదు.

ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టు అయితే కథ మారుతుంది. క్లయింట్ పరీక్షించి ఒప్పుకుంటేనే డబ్బు, లేకపోతే మీరే మళ్లీ సొంత ఖర్చుతో చెయ్యాలి అని రాసి ఉంటే రిస్కు మీది. 1995 నాటి ఫెయిర్‌చైల్డ్ కేసులో కోర్టు చూసింది ఇదే. రెండో ప్రశ్న హక్కులది. తయారైనదాన్ని మీరు మళ్లీ ఇంకోచోట వాడుకునే హక్కు మీకు మిగలాలి, అది క్లయింట్‌కి డబ్బు కట్టకుండా మిగలాలి. ఆ హక్కు మీ ఒక్కరిదే అయి ఉండక్కర్లేదని 2000లో లాక్‌హీడ్ మార్టిన్ కేసు తేల్చింది. ఖర్చు ఇంత మించకూడదని పరిమితి పెట్టి, అయిన ఖర్చంతా ఇచ్చే కాంట్రాక్టులు మాత్రం పనికిరావని 2015లో జియోసింటెక్ కేసులో వచ్చింది. పరిమితి ఉంది కదా, రిస్కు మాదే కదా అన్న వాదన నిలవలేదు.

కాబట్టి కాంట్రాక్టుల్ని మూడు కట్టలుగా విడదీసుకోండి: గంటల లెక్కవి, ఫిక్స్‌డ్ ప్రైస్‌వి, సొంత డబ్బుతో చేసుకున్న ప్రొడక్టులు. మొదటి కట్టని పక్కన పెట్టేయండి. రెండో కట్టలో డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, హక్కులు ఎవరివి అన్న పేరాల్ని పసుపు పెన్నుతో గీయండి. మూడో కట్టే మీ అసలు సొమ్ము.

4. ఎవరు ఏ ఊళ్లో కూర్చుని పనిచేశారు?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టీం పెట్టుకుని, ఇక్కడ ఇద్దరు ముగ్గురితో ప్రొడక్టు నడిపే కంపెనీలు మనలో ఎన్నో. ఆ టీంకి పెట్టిన ఖర్చుకి ఫెడరల్ క్రెడిట్ లేదు, స్టేట్ క్రెడిట్ అసలే లేదు. పరిశోధన అమెరికా నేల మీద జరగాలి. పైగా దేశం బయట చేసిన పరిశోధన ఖర్చుని ఒక్క ఏడాదిలో రాసుకోనివ్వరు, పదిహేనేళ్లకి పరచాలి. దేశంలో చేసినదాన్ని 2025 నుంచి మళ్లీ ఆ ఏడాదే రాసుకోవచ్చు, 2025 జూలై 4న సంతకమైన చట్టం ఆ వెసులుబాటు తిరిగి తెచ్చింది. ఆఫ్‌షోర్ చవక అన్న లెక్క వేసేటప్పుడు ఈ తేడా కూడా కాగితం మీద పెట్టి చూడండి.

రిమోట్ ఉద్యోగాలు వచ్చాక స్టేట్ లెక్క చిక్కుపడింది. కంపెనీ చిరునామా శాన్ హోసేలో, ఇంజినీర్ ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. అతని జీతం కాలిఫోర్నియా క్రెడిట్‌లోకి రాదు. టెక్సస్‌లో మీ కంపెనీ ఫ్రాంచైజ్ ట్యాక్స్ (ఆ రాష్ట్రం కంపెనీల మీద వేసే పన్ను) రిపోర్టు వేస్తుంటే అక్కడికి వస్తుంది. ఒక్కో ఉద్యోగికి ఒక వరస, పన్నెండు నెలలకి పన్నెండు గళ్లు పెట్టి, ఏ నెల ఏ రాష్ట్రంలో పనిచేశారో రాయండి. సంక్రాంతికి ఊరెళ్లి అక్కణ్నుంచే నెల రోజులు లాగిన్ అయిన ఉద్యోగి ఉంటే ఆ నెల జీతం తీసేయండి. మనవాళ్లకి ఇది మామూలు సంగతే, కాబట్టే ఎవరూ గుర్తుంచుకోరు.

ఇంకో మాట. హెచ్-1బీ ఉద్యోగి ఉంటే అతని ఎల్‌సీఏలో (వీసా కోసం కార్మిక శాఖకి పెట్టే దరఖాస్తులో) పని చిరునామా రాసి ఉంటుంది. ఏడాది జీతం చూపించే ఫారం డబ్ల్యూ-2లో రాష్ట్రం ఉంటుంది. క్రెడిట్ పట్టికలో మీరు ఇంకో రాష్ట్రం రాస్తే మూడు ప్రభుత్వ కాగితాలు మూడు మాటలు చెబుతున్నట్టు. క్రెడిట్ కోసం ఇమిగ్రేషన్ టెన్షన్ కొనితెచ్చుకోకండి. ముందు మూడూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని, తర్వాతే పట్టిక వెయ్యండి.

5. ఖర్చులు కూడటం

లెక్కలోకి వచ్చే ఖర్చుల్లో పెద్దది జీతం. డబ్ల్యూ-2లో మొదటి గడిలో ఉన్న మొత్తమే తీసుకోవాలి. హెల్త్ ఇన్సూరెన్స్, ఉద్యోగి రిటైర్మెంట్ పొదుపుకి మీరు కలిపే 401(కె) వాటా రావు. స్వయంగా పరిశోధన చేసినవాళ్లు, వాళ్లని దగ్గరుండి నడిపించిన లీడ్లు, ఆ పనికి నేరుగా సాయపడిన టెస్టర్లు, ల్యాబ్ సిబ్బంది లెక్కలోకి వస్తారు. ఒక మనిషి సమయంలో 80 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఈ పనికే పోతే నూటికి నూరు శాతం జీతం తీసుకోవచ్చు. 79 అయితే 79 శాతమే. ఈ గీత దగ్గర అందరి అంకెలూ 80 మీదే వచ్చి ఆగితే ఆడిటర్‌కి నవ్వొస్తుంది.

యజమాని జీతం దగ్గర జాగ్రత్త. నేనే కోడ్ రాస్తాను, నేనే డిజైన్ చూస్తాను అంటారు. నిజమే కావచ్చు. కానీ సేల్స్ కాల్స్, బ్యాంకు, వీసా కాగితాలు కూడా ఆయనే చూస్తాడు. 2023లో మూర్ కేసులో ఒక కంపెనీ పెద్ద అధికారి జీతాన్ని ట్యాక్స్ కోర్టు పూర్తిగా కొట్టేసింది. ఆయన పరిశోధనలో లేడని కాదు, ఎంత సమయం దానికి పెట్టాడో చూపించే రుజువు లేదని.

మెటీరియల్స్ అంటే పరీక్షల్లో ఖర్చైపోయిన సరుకు: గోంగూర, నూనె, రసాయనాలు, ప్రోటోటైప్ విడిభాగాలు. కొన్న మెషీన్లు, ప్రయాణాలు, ఆఫీసు అద్దె, ఇంటర్నెట్ రావు. క్లౌడ్ బిల్లులో డెవలప్‌మెంట్, టెస్టింగ్ సర్వర్ల వాటా ఫెడరల్‌లో వస్తుంది, కస్టమర్లు వాడే ప్రొడక్షన్ సర్వర్లది రాదు. బయటి కాంట్రాక్టర్లకి ఇచ్చినదాంట్లో సాధారణంగా 65 శాతమే లెక్క. అదీ పని ఫలించకపోయినా మీరు డబ్బు ఇవ్వాల్సి ఉండి, హక్కులు మీకుండి, వాళ్లు మీ రాష్ట్రంలో ఉండి చేస్తేనే. ఫ్రీలాన్సర్ ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఇన్‌వాయిస్ మీదే రాయించుకుంటే ఏడాది చివర వెతుకులాట ఉండదు.

6. బేస్ లెక్క, అసలు తిరకాసు

మొత్తం ఖర్చు మీద క్రెడిట్ ఇవ్వరు. మామూలుగా పెట్టే ఖర్చు కన్నా ఎంత ఎక్కువ పెట్టారో దాని మీద ఇస్తారు. ఆ మామూలు ఖర్చే బేస్. దాన్ని లెక్కించే పద్ధతి రాష్ట్రానికొకటి.

ఒక కంపెనీని ఊహించుకుందాం. ఈ ఏడాది రాష్ట్రంలో అర్హత ఉన్న ఖర్చు 8 లక్షల డాలర్లు. గడచిన మూడేళ్లలో 4, 5, 6 లక్షలు. సగటు 5 లక్షలు, అందులో సగం రెండున్నర. మిగులు ఐదున్నర లక్షలు.

కంపెనీ టెక్సస్‌లో ఉంటే 2026 నుంచి వచ్చిన కొత్త నియమం ప్రకారం ఆ మిగులు మీద 8.722 శాతం, అంటే 47,971 డాలర్లు. అంతకుముందు ఇది 5 శాతమే ఉండేది. క్రెడిట్ వద్దనుకుంటే సేల్స్ ట్యాక్స్ మినహాయింపు తీసుకునే వీలుండేది, ఇప్పుడు దాన్ని ఎత్తేసి క్రెడిట్‌ని శాశ్వతం చేశారు. టెక్సస్ విశ్వవిద్యాలయంతో కలిసి చేస్తే రేటు 10.903. ఒక ఏడాది ఫ్రాంచైజ్ ట్యాక్స్‌లో సగం మించి తగ్గించుకోలేరు. పన్ను 30 వేలు ఉంటే ఈ ఏడాది 15 వేలు వాడుకుని, మిగతాది ఇరవై ఏళ్ల వరకు ముందుకి తీసుకెళ్లవచ్చు.

అదే కంపెనీ కాలిఫోర్నియాలో ఉందనుకోండి. అక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతిలో బేస్ దాటిన ఖర్చు మీద 15 శాతం. ఈ పద్ధతిలో బేస్‌ని పాత అమ్మకాల నుంచి లెక్కగడతారు, ఎంత తక్కువ వచ్చినా ఈ ఏడాది ఖర్చులో సగం కంటే కిందికి పోనివ్వరు. అమ్మకాలు తక్కువున్న కంపెనీకి బేస్ ఆ సగం దగ్గరే ఆగుతుంది: 4 లక్షలు. మిగిలిన 4 లక్షల మీద 15 శాతం, 60 వేలు. 2025 నుంచి కాలిఫోర్నియా ఫెడరల్ తరహాలో సులువు పద్ధతి కూడా తెచ్చింది, మూడేళ్ల సగటులో సగం తీసేసి మిగులు మీద 3 శాతం. మన కంపెనీకి అది 16,500. ఫెడరల్‌లో సులువు పద్ధతి ఎంచుకున్నాం, స్టేట్‌లో కూడా అదే కొట్టేద్దాం అనుకుంటే 43,500 డాలర్లు నేలపాలు. పైగా ఒకసారి ఎంచుకుంటే తర్వాతి ఏళ్లకీ వర్తిస్తుంది, వెనక్కి వెళ్లాలంటే ఆ రాష్ట్ర పన్ను శాఖ అయిన ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు (ఎఫ్‌టీబీ) అనుమతి కావాలి. అమ్మకాలు బాగా ఉండి, బేస్ ఖర్చుని మించిపోయే పెద్ద కంపెనీలకు మాత్రం ఈ 3 శాతమే దిక్కు. రెండూ లెక్కగట్టి పక్కపక్కన పెట్టకుండా ఎంచుకోవద్దు.

జార్జియా ఇంకోరకం. ఫెడరల్‌లో కూడా క్లెయిమ్ చేసిన ఏడాదే ఇస్తుంది. బేస్‌కి ఆ రాష్ట్రంలో మీ ఖర్చుకీ ఆ రాష్ట్రంలో అమ్మకాలకీ ఉన్న నిష్పత్తి మూడేళ్ల సగటు చూస్తుంది, అది 30 శాతం దాటితే 30 దగ్గరే ఆపుతుంది. దాన్ని ఈ ఏటి జార్జియా అమ్మకాలతో గుణించి, దాటిన ఖర్చు మీద 10 శాతం ఇస్తుంది. ఒహాయోలో మూడేళ్ల సగటు దాటినదాని మీద 7 శాతం, ఇల్లినాయ్‌లో 6.5.

7. పన్నే లేకపోతే క్రెడిట్ ఏం చేసుకోవాలి?

నష్టాల్లో ఉన్న స్టార్టప్‌కి ఇది అసలు ప్రశ్న. కాలిఫోర్నియాలో రీఫండ్ లేదు, కానీ వాడని క్రెడిట్‌కి కాలపరిమితి కూడా లేదు. దాచుకోవచ్చు. జార్జియాలో ఇంకా మంచి వెసులుబాటు ఉంది: ఆదాయపు పన్నులో సగం వరకు వాడాక మిగిలినదాన్ని ఉద్యోగుల జీతాల్లోంచి కోసి రాష్ట్రానికి కట్టే విత్‌హోల్డింగ్‌కి సర్దుకోవచ్చు, ముందుగా దానికి వేరే ఫారం పంపాలి. ఆల్ఫరెటాలో జీతాలిచ్చే ప్రతి స్టార్టప్‌కీ ఇది చేతిలో డబ్బే. ఆరిజోనాలో 150 మంది లోపు ఉన్న కంపెనీకి మిగిలిన క్రెడిట్‌లో 75 శాతం వరకు రీఫండ్ ఇస్తారు. దానికి రాష్ట్రం మొత్తానికి ఏడాదికి 50 లక్షల డాలర్లే, ముందొచ్చినవాళ్లకి ముందు. జనవరి మొదటి పనిదినం నాడే దరఖాస్తు సిద్ధంగా ఉండాలి.

న్యూజెర్సీ చేసినంత తమాషా ఏర్పాటు ఇంకెవరూ చెయ్యలేదనుకుంటాను. అక్కడ క్రెడిట్‌ని అమ్ముకోవచ్చు. టెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ కంపెనీలు తమ వాడని క్రెడిట్లనీ పాత నష్టాలనీ లాభాల్లో ఉన్న కంపెనీకి విలువలో కనీసం 80 శాతానికి అమ్మాలి. రాష్ట్ర ఎకనమిక్ డెవలప్‌మెంట్ అథారిటీ దీన్ని నడుపుతుంది. దేశం మొత్తం మీద ఉద్యోగులు 225 లోపు ఉండాలి, సొంత మేధోసంపత్తి ఉండాలి, గత రెండు పూర్తి సంవత్సరాల్లో దేనిలోనూ నిర్వహణ లాభం ఉండకూడదు. దరఖాస్తు గడువు జూన్ 30. ఎడిసన్‌లో నాలుగేళ్లుగా లాభం చూడని ఒక ప్రొడక్టు కంపెనీకి ఇది జీతాల నెల గట్టెక్కించడం కళ్లారా చూశాను. పెన్సిల్వేనియాలో కూడా అమ్ముకోనిస్తారు.

ఫెడరల్‌లో ఏడాది అమ్మకాలు 50 లక్షల డాలర్ల లోపు ఉన్న కొత్త కంపెనీ ఐదు లక్షల డాలర్ల వరకు పేరోల్ ట్యాక్స్‌కి సర్దుకోవచ్చు. ఆ సౌకర్యం స్టేట్‌లోనూ ఉంటుందని అనుకోవద్దు.

8. ఫారాలు నింపడం

ముందు ఫెడరల్ ఫారం 6765 పూర్తిచేయండి. స్టేట్ ఫారం అంకెలు దాని నుంచే పుడతాయి. ఇందులో సెక్షన్ జీ అని కొత్త భాగం వచ్చింది. ఒక్కో ప్రొడక్టుకి విడిగా ఏ సందేహం తీర్చారో, ఎంత ఖర్చైందో చెప్పాలి. 2026 సంవత్సరపు రిటర్న్ నుంచి ఇది తప్పనిసరి, చాలా చిన్న కంపెనీలకు మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ రాసిన ప్రొడక్టు పేర్లే స్టేట్ కాగితాల్లోనూ రాయండి. ఫెడరల్‌లో "డేటా ఇంజిన్", స్టేట్‌లో "ప్లాట్‌ఫాం రెండో వెర్షన్" అని రాస్తే ఒకటేనని వాళ్లకెలా తెలుస్తుంది?

కాలిఫోర్నియాకి ఎఫ్‌టీబీ 3523, న్యూజెర్సీకి ఫారం 306, జార్జియాకి ఐటీ-ఆర్‌డీ, మసాచుసెట్స్‌కి షెడ్యూల్ ఆర్‌సీ. కంపెనీ ఎస్ కార్పొరేషన్ (లాభం మీద పన్ను ప్రధానంగా వాటాదార్ల చేతిలో పడే కంపెనీ) అయితే ఆగి ఆలోచించండి. కాలిఫోర్నియాలో కంపెనీ స్థాయిలో కట్టే 1.5 శాతం పన్నుకి క్రెడిట్‌లో మూడో వంతే వాడుకోవచ్చు, మిగతా రెండు వంతులు అక్కడితో పోతాయి. కానీ వాటాదార్లకు వాళ్ల వాటా చూపించే ఫారం కె-1 ద్వారా క్రెడిట్ పూర్తిగా వెళుతుంది. ఎలా చేసినా 800 డాలర్ల కనీస పన్ను తప్పదు. న్యూజెర్సీ క్రెడిట్ మాత్రం కార్పొరేషన్ బిజినెస్ ట్యాక్స్ మీద ఇచ్చేది, దాన్ని మీ సొంత రిటర్న్‌లోకి తెచ్చుకుందామని ఆశపడకండి.

పాత ఏళ్లకి వెనక్కి వెళ్లొచ్చా అంటే, హక్కు తరహా రాష్ట్రాల్లో సాధారణంగా వెళ్లొచ్చు. సవరించిన రిటర్న్‌కి ఫెడరల్‌లో మామూలుగా మూడేళ్లు, కాలిఫోర్నియాలో నాలుగేళ్లు. ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్ఎస్ మీ ఫెడరల్ అంకె మారిస్తే కాలిఫోర్నియాకి ఆరు నెలల్లోపు మీరే చెప్పాలి.

9. రుజువులు, సలహాదారులు

ఇల్లినాయ్‌లో పిండి మర నడిపే సీమర్ మిల్లింగ్ కంపెనీ నిజంగానే గోధుమ మీద ప్రయోగాలు చేసింది. 2019లో ట్యాక్స్ కోర్టు క్రెడిట్ మొత్తం తిరస్కరించింది. ఏ సందేహంతో మొదలుపెట్టారు, ఏయే మార్గాలు పరీక్షించారు అన్నది కాగితం మీద కనిపించలేదు. 2023లో లిటిల్ శాండీ కోల్ కేసులో ఓడలు కట్టే సంస్థకీ అదే గతి. పనిలో 80 శాతం ప్రయోగమేనని లెక్కగట్టి చూపలేకపోయారు.

చట్టం టైంషీట్లే కావాలని పట్టుబట్టదు. కానీ పని జరుగుతున్నప్పుడే పుట్టిన కాగితం కావాలి. జిరా టికెట్లు (పనుల నమోదులు), గిట్ కమిట్లు (కోడ్ మార్పుల నమోదులు), బ్యాచ్ షీట్లు, ల్యాబ్ రిపోర్టులు, ఇది పనిచెయ్యడం లేదు ఇంకోలా చూద్దాం అని పంపిన ఈమెయిల్, ఇవన్నీ బంగారం. ప్రతి ప్రాజెక్టు మొదట్లో అర పేజీ రాయించండి: ఏం చెయ్యాలనుకుంటున్నాం, ఏం తెలియదు, ఏ దారులు చూస్తాం. మూడు నెలలకోసారి లీడ్‌ని కూర్చోబెట్టి ఎవరు ఎంత శాతం పెట్టారో రాయించి సంతకం తీసుకోండి. తెలుగులో రాసుకున్న వాట్సాప్ సందేశాలు కూడా తేదీతో సహా దాచండి, అనువదించి ఇవ్వొచ్చు.

సలహాదారుల గురించి ఒక చేదు అనుభవం. నా దగ్గరికి వచ్చిన ఒక కంపెనీకి అంతకుముందు ఒక కన్సల్టెంట్ వచ్చిన క్రెడిట్‌లో పాతిక శాతం ఫీజు అన్న ఒప్పందం మీద నివేదిక రాసిచ్చాడు. నలభై పేజీలు. చదివితే సగం పేజీల్లో ఇంకో కంపెనీ ప్రొడక్టు వివరాలున్నాయి, పేరు మాత్రం మార్చాడు. స్టేట్ నుంచి నోటీసు వచ్చేసరికి ఆయన ఫోన్ ఎత్తలేదు. అప్పటికి ఫీజు కట్టేశారు, క్రెడిట్ వెనక్కి ఇచ్చేశారు, వడ్డీ అదనం. ఎవరినైనా పెట్టుకునేముందు అడగాల్సినవి రెండు: ఆడిట్ వస్తే మా పక్కన ఎవరు కూర్చుంటారు, దానికి విడిగా డబ్బులా? మా ఇంజినీర్లతో మీరు స్వయంగా మాట్లాడతారా? రెండోదానికి అక్కర్లేదన్న జవాబు వస్తే కాఫీ ఇచ్చి పంపించేయండి. ఖర్చు రెండు మూడు లక్షల లోపు ఉన్న చిన్న కంపెనీకి మీ సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్), మీ లీడ్ ఇంజినీరు, ఒక ఎక్సెల్ షీటు చాలా సందర్భాల్లో సరిపోతాయి.

కాగితాలు ఎన్నాళ్లు దాచాలి అన్నదానికి ఏడేళ్లు అని అందరూ అలవాటుగా చెబుతారు. క్యారీ ఫార్వర్డ్ (వాడని క్రెడిట్‌ని తర్వాతి ఏళ్లకి తీసుకెళ్లే వీలు) ఉన్నచోట అది తప్పు. 2017లో సంపాదించిన కాలిఫోర్నియా క్రెడిట్‌ని 2027లో వాడుకుంటే, బోర్డు అడిగేది 2017 పేరోల్, 2017 ప్రాజెక్టుల రుజువులే. ఆ ఏడాది పనిచేసిన ఇంజినీర్లలో ఒక్కరూ అప్పటికి కంపెనీలో ఉండకపోవచ్చు. అందుకే ఎవరైనా రాజీనామా చేస్తే ల్యాప్‌టాప్ తుడిచేసే ముందు వాళ్ల డిజైన్ నోట్సు, పరీక్షా ఫలితాలు ఒక షేర్డ్ ఫోల్డర్‌లోకి తీయించండి. ఫోల్డర్‌కి ఏడాది, ప్రొడక్టు పేరు, వాళ్లు పనిచేసిన రాష్ట్రం పేరు పెట్టండి.